హుసేనమ్మ పేరున ఉన్న మీటరు

తుంగభద్ర కర్నూలు వీధుల్లోకి వచ్చిన ఏటి నుంచి లెక్కబెడితే అది పదహారో ఏడు. ఆ ఏడు ఎండాకాలంలో ఉద్యోగం నుంచి దిగిన నేను ఒక సోలార్ పలకను. దిగాను అనడం మర్యాద కోసం. దించారు.

మీరు ఏళ్లను అంకెలతో లెక్కబెడతారు. నేనున్న ఇంట్లో అలా కాదు. నీళ్లొచ్చిన ముందటేడు పక్కింట్లో పెళ్లయింది, నీళ్లొచ్చిన మూడో ఏడు మిద్దెకు సున్నం కొట్టాం, అంటారు. విని విని నాకూ అదే అలవాటైంది.

నా ఒంట్లో ఉన్నదంతా ఇసకే. ఎక్కడి ఇసకో తెలియదు. కాల్చారు, కరిగించారు, అప్పడాల్లా పలచగా కోశారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి అరవై ముక్కల్ని తళతళలాడే పట్టీలతో వరసగా అతికింది. ఆమె ముఖం నేను చూడలేదు. వేళ్ల వెచ్చదనం మాత్రం గుర్తుంది. పైన అద్దం పరిచి, చుట్టూ చట్రం బిగించి, పెద్ద దీపం ముందు నిలబెట్టి పరీక్ష పెట్టారు. వీపు మీద 'పాస్' అని చీటీ అంటించారు. ఏ బడికీ పోకుండానే పాసయ్యాను. నన్ను కొన్న ఖాసిమప్ప మూడేళ్లు బడికి పోయి కూడా ఆ మాట అనిపించుకోలేదట.

ఖాసిమప్ప దూదేకులాయన. పరుపులు, దిండ్లు కుట్టే ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డులో దూది ఏకే మిషను. ఆయన మాటల మనిషి కాదు. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే ఆ రోజు చాలా మాట్లాడినట్టు. ఆ పదిలో నాలుగు 'ఊఁ'లు. ఆయన వాటా మాటలు కూడా భార్య హుసేనమ్మే మాట్లాడేసేది.

నన్ను ఆ ఇంటికి తెచ్చింది తుంగభద్రే అనుకోవాలి. నీళ్లొచ్చినప్పుడు మొగుడూ పెళ్లాలు మిద్దెక్కి రెండు రోజులు కూర్చున్నారట. దిగి చూస్తే ఇంట్లో ఉన్న దూదంతా నల్లటి పిండి ముద్దయిపోయింది. ఆ రోజు హుసేనమ్మ ఒక మాట అంది. "ఇంక ఏం కొన్నా మిద్దె మీద పెట్టేదే కొనాల. నీళ్లు ఎక్కలేనిది." ఆరేళ్లకు రంగముని అనే సోలార్ మేస్త్రీ వీధిలోకి వచ్చి, మిద్దె మీద పలకలు పెడితే కరెంటు పండుతుందని చెబుతుంటే, ఆమెకు ఆ మాటే గుర్తొచ్చింది. చీటీ పాడి మమ్మల్ని తెచ్చుకుంది. మేం పదిమందిమి. అందరిలోకీ చివర, మెట్ల పక్కన, నన్ను బిగించారు. అందువల్ల ఆ ఇంట్లో జరిగేది నాకు తెలిసినంత తక్కిన తొమ్మిదిమందికి తెలియదు.

ఇంటి స్థలం హుసేనమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది. కాబట్టి మా ఒప్పందం కాగితం కూడా ఆమె పేరునే రాశారు. ఆమె వేలిముద్ర వేసింది. ఇరవై ఐదేళ్ల పాటు మా మీద పండిన కరెంటంతా ఊరి తీగకు ఇవ్వాలి, తీగవాళ్లు మారని రేటు కట్టాలి. అదీ ఒప్పందం. ఇంట్లో వాడే కరెంటు వేరు. దాని తీగ వేరు, ఖాసిమప్ప పేరున ఉన్న దాని మీటరు వేరు.

ఈ తేడా వీధిలో ఎవరికీ తెలియదు. మేం వచ్చిన పదిరోజులకు మధ్యాహ్నం పూట కరెంటు పోయింది. పది నిమిషాల్లో సగం వీధి ఫోన్లు పట్టుకొని గడపలో నిలబడింది. మిక్సీలో వేసే పప్పు గిన్నెతో ఒకామె కూడా వచ్చింది. నడినెత్తిన సూర్యుడు, మిద్దె మీద పది పలకలు, ఇంట్లో మాత్రం ఫ్యాను కూడా తిరగడం లేదు. రంగమునికి ఫోను చేస్తే అసలు సంగతి చెప్పాడు. ఊరి తీగ చచ్చిపోతే మేమూ ఆగిపోవాలి, లేకపోతే స్తంభమెక్కి పనిచేసే మనిషికి మా కరెంటు కొడుతుంది.

"అయితే ఇవి ఊరికి పెట్టే బిడ్డలు, ఇంటికి పెట్టేవి కావు!" అని హుసేనమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. పప్పు గిన్నె ఆమె, "నీ మిద్దె మీద పెట్టుకొని నీకే కరెంటు లేదంటే ఎట్లమ్మే, మా అత్త మాదిరి ఉండాయే!" అని ఎత్తిపొడిచి పోయింది. వాళ్లు నవ్వుకున్నారు. నాకు మాత్రం తల వంచుకోవాలనిపించింది. బిగించిన తల, వంగదు.

నెలకోసారి మద్దిలేటి వచ్చేవాడు. మీటరు చూసే మనిషి. మెట్ల కింద మా మీటరు ముందు నిలబడి, చేతిలో మిషనులో పేరు చూసి, వీధి వీధంతా వినబడేలా కేక పెట్టేవాడు.

"డి. హుసేనమ్మా! మీటరు!"

ఆ ఊళ్లో ఆమెను పేరు పెట్టి పిలిచే మనిషి అతనొక్కడే. వీధికి ఆమె పరుపులామె. చుట్టాలకు దస్తగిరి వాళ్లమ్మ. ఇక మొగుడంటారా, ఆ తరంలో ఆడమగలు ఒకరి పేరు ఒకరు పలకరు. ఆయన ఆమెను "ఇదో" అనేవాడు. ఆమె ఆయన్ను "ఇదో, నిన్నే" అనేది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం ఈ రెండు పిలుపులతో నడిచింది. అందుకని మద్దిలేటి కేక వినబడగానే ఆమె చేతిలో పని వదిలేసి, బడిలో హాజరు పలికే పిల్లలా "ఉండా!" అంటూ పరుగున వచ్చేది. బడి గడప తొక్కని మనిషి.

"ఏమప్పా మద్దిలేటీ, పోయిన నెల మా కరెంటు యాడికి పోయింది?"

"పెద్దాస్పత్రికి పోయిందమ్మా. కానుపుల వార్డులో ఫ్యాన్లన్నీ నీవే."

"అట్లనా! అంతకు ముందు నెల?"

"అది చెరుకురసం మిషనుకు పోయింది."

"ఓయబ్బ! మరి నాకొక గ్లాసు తేరాదా?"

"కరెంటు నీదే గానీ చెరుకు నీది కాదు గదమ్మా."

ఇలా ప్రతినెలా ఒక చోటు చెప్పేవాడు. రైల్వే స్టేషను, పిండి గిర్ని, ఏదో పెళ్లి మండపం. అతనికీ తెలియదు, నాకూ తెలియదు. తీగలోకి ఎక్కిన కరెంటు మళ్లీ వెనక్కి వచ్చి కబుర్లు చెప్పదు. అయినా ఆమె నమ్మేది. నమ్మినట్టు ఉండేదేమో.

మర్నాడు తెల్లవారుజామున ఆ కబురు మొగుడికి చెప్పేది. రోజూ ఎండ పొడవక ముందే ఇద్దరూ మిద్దె మీదికి వచ్చేవారు. కింద దూది ఏకుతుంటే లేచిన నూగు మంచుకు తడిసి మా అద్దాల మీద అంటుకుంటుంది. ఎండెక్కాక చన్నీళ్లు పోస్తే అద్దం పగులుతుందని రంగముని చెప్పిపోయాడు. అందుకని ఆ వేళ. ఆయన బిందె మోసుకొచ్చేవాడు. ఆమె పనికిరాని దూదిని పాత చీర గుడ్డలో ఉండగా చుట్టి, తడిపి తుడిచేది. పడమటి వైపు మొదలుపెట్టి నా దగ్గర ముగించేది. అక్కడికి ఆయాసం వచ్చేది. అరచెయ్యి నా మీద ఆనించి కాసేపు నిలబడేది.

"ఇదో, నిన్నే. ఈ నెల పెళ్లి మండపానికి పోయిందంట."

"ఊఁ."

"ఊరంతా వెలుగుతాది. ఒక్కనాడన్నా మనింట్లో వెలిగితే చూడాలని ఉంటాది నాకు."

ఆయన ఆ మాటకు ఊఁ కూడా అనేవాడు కాదు. ఆ మాట నా మీద చెయ్యి ఆనించి అనేది. నాకూ అదే కోరిక అని ఆమెకు ఎలా చెప్పను? నా కింద నాలుగు బెత్తెల మిద్దె, ఆ కింద వాళ్ల ఇల్లు. అంత దగ్గరున్న ఇంటికి నా వెలుతురు ఎప్పుడూ చేరలేదు.

నీళ్లొచ్చిన పన్నెండో ఏట హుసేనమ్మకు జ్వరం వచ్చింది. ఐదో రోజు పోయింది. తర్వాత మూడు రోజులు ఎవరూ పైకి రాలేదు. నాలుగో తెల్లవారి ఖాసిమప్ప ఒక్కడే వచ్చాడు. ఒక చేత్తో బిందె, ఒక చేత్తో దూది ఉండ. ఆమె వరసలోనే తుడిచాడు. నా దగ్గర ఆగి, ఆమె ఆనించే చోటే అరచెయ్యి ఆనించాడు. మనుషులు ఏడుస్తారని విన్నాను. ఆయన ఏడవలేదు. చెయ్యి మాత్రం చాలాసేపు తీయలేదు.

మనుషులు పోతే పేర్లు ఒక్కొక్క కాగితం నుంచీ రాలిపోతాయి. రేషను కార్డులో తీసేశారు. ఓట్ల జాబితాలో కొట్టేశారు. ఆ పనులకు ఖాసిమప్పే పోయాడు, తెచ్చిన కాగితాలు చూపించాడు, ఏమీ అనకుండా వచ్చాడు. కానీ ఆ నెల మద్దిలేటి వచ్చి, మిషను చూసి, అలవాటున కేక పెట్టేశాడు.

"డి. హుసేనమ్మా! మీటరు!"

వెంటనే నాలిక కరుచుకున్నాడు. "తప్పైందప్పా. మిషనులో పేరు అట్లే ఉండాది. ఆఫీసులో చెప్పి తీయిస్తా."

ఖాసిమప్ప మెట్టు మీద కూర్చొని ఉన్నాడు. "ఉండనీ" అన్నాడు.

"పిలవద్దంటే పిలవనప్పా."

"పిలువు."

ఆ తర్వాత ప్రతినెలా ఆ తేదీన ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకొని, కింది మెట్టు మీద కూర్చునేవాడు. మద్దిలేటి ఒక్కోసారి పదింటికి వచ్చేవాడు, ఒక్కోసారి మూడింటికి. ఎప్పుడొచ్చినా గొంతు తగ్గించకుండా పిలిచేవాడు. ఖాసిమప్ప విని, లేచి, పనిలోకి పోయేవాడు. ఆ కూర్చోవడం ఎందుకో నాకు తెలుసు, మద్దిలేటికి తెలుసు. మూడో మనిషికి తెలియదు.

ఆ ఇంట్లో ఉన్న తక్కిన ఇద్దరూ కోడలు మాబున్ని, మనవరాలు నూరీ. కొడుకు దస్తగిరి లారీ మీద నెలకు ఇరవై రోజులు తిరుగుతుంటాడు. నూరీకి నాలుగేళ్లు. ఊపిరి పట్టేస్తుంది. పిల్ల పడే అవస్థ చూసి దూది మిషను ఊరవతల షెడ్డుకు మార్చారు. అయినా పోలేదు. డాక్టరు ఆవిరి పట్టే చిన్న మిషను ఇచ్చాడు. ముఖానికి తొడుగు పెట్టి పది నిమిషాలు మందు ఆవిరి పడితే పిల్ల తేరుకుంటుంది. దానికి కరెంటు కావాలి.

పదహారో ఏడు ఎండాకాలం కొత్త లైను వేస్తున్నారని పొద్దున పదింటికి తీస్తే సాయంత్రం దాకా కరెంటు ఇచ్చేవారు కాదు. ఇంట్లో ఒక పాత ఇన్వర్టరు ఉంది. గంటసేపు ఫ్యాను తిప్పి కళ్లు మూసేది. ఒక మధ్యాహ్నం పిల్లకు ఊపిరి అందలేదు. మాబున్ని అట్టముక్కతో విసురుతూ, "యా అల్లా, ఇంత ఎండలో ఇంట్లో కరెంటు లేదే" అని ఏడవడం మెట్ల మీదుగా నాకు వినబడింది. ఆ ఎండ మొత్తం నా మీదే పడుతోంది. నా ఒళ్లు కరెంటుతో నిండి ఉంది. పోవడానికి దారి లేదు.

మర్నాడు మాబున్ని రంగమునిని పిలిపించింది. అతను మిద్దెక్కి మమ్మల్ని చూశాడు, అద్దాల మీద వేళ్లతో కొట్టాడు. సంతలో పశువుల్ని చూసినట్టు ఉంది.

"ఇవి పాతవమ్మా, సగం సచ్చినాయి. కొత్తవి ఆరు పెడితే ఈ పదింటికి రెండింతలు పండుతాది. పక్కన బ్యాటరీ పెట్టె. ఊరి కరెంటు పోయినా ఇంట్లో పోదు. పిల్ల మిషను ఎంతసేపైనా నడుస్తాది."

"పెట్టుప్పా మరి!"

"పెట్టొచ్చు. కానీ పాత ఒప్పందం ఉండాది గదా. ఒక్క పలక మార్చినా, బ్యాటరీ కలిపినా అది రద్దు. కొత్త కాయితం రాయాల. పాత రేటు పోతాది, ఇప్పుడిచ్చేది దాంట్లో సగం గూడా లేదు. ఇంకా పదిహేనేండ్లు ఉండాది, ఆలోచించుకోండి."

మాబున్ని మామ వైపు చూసింది. ఖాసిమప్ప నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"కొత్త కాయితం ఎవరి పేరున?" అని అడిగాడు.

"నీ పేరునే అప్పా."

"ఆ పేరే పెట్టరాదా?"

"ఎవరి పేరు?"

ఆయన నోటితో చెప్పలేడు కదా. కింద మీటరు వైపు చెయ్యి చూపించాడు. రంగమునికి కాసేపటికి అర్థమైంది. "పోయినోళ్ల పేరు పెట్టరప్పా. పాతది నడిచినన్నాళ్లు ఎవరూ అడగరు, నడుస్తాది. కొత్తదానికి బతికున్న మనిషి సంతకం కావాల."

"వద్దు" అన్నాడు ఖాసిమప్ప. దిగి వెళ్లిపోయాడు.

ఆయన దేని కోసం వద్దన్నాడో అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. పేరు సంగతి సాకు, అసలు రేటు కోసమే అని అందరూ అనుకున్నారు. వీధి కూడా అనుకుంది. దస్తగిరి ఎక్కడో లారీలోంచి ఫోను చేసి, "ఆ దుడ్లు నేను కడతాలే నాయనా" అన్నాడు. మాబున్ని అన్నం పెడుతూ పెడుతూ అనేసింది.

"నీకు రేటు ముఖ్యమా మామా, బిడ్డ ముఖ్యమా? అత్త ఉండుంటే నిన్ననే ఇవన్నీ పీకేసి బ్యాటరీ పెట్టుండేది."

ఆయన తిన్న కంచం తీసుకుపోయి కడిగి బోర్లించాడు.

రెండు వారాలకు మద్దిలేటి తేదీ వచ్చింది. ఖాసిమప్ప స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకొని మెట్టు మీద కూర్చున్నాడు. మాబున్ని బట్టలు ఆరేయడానికి పైకి వచ్చి, మెట్ల పైనుంచి కిందికి చూస్తోంది.

"డి. హుసేనమ్మా! మీటరు!"

ఖాసిమప్ప తల ఎత్తలేదు. ఆ పిలుపు అయిపోయిన తర్వాత కూడా, ఎవరో లోపలి నుంచి వస్తారన్నట్టు గడప వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. మద్దిలేటి చీటీ ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆయన ఆ చీటీలో ఒక్క వరసే చూశాడు. పైనున్న వరస. మూడో తరగతి చదువు ఆ వరసకు సరిపోతుంది.

మాబున్ని తడిబట్ట నా మీదే ఆనించి అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం రంగమునికి ఫోను చేసి, "ఇప్పుడొద్దులేప్పా. ఇంకేమన్నా దారి చూస్తాం" అంది. మామకు ఆ రాత్రి అన్నంలో నెయ్యి వేసింది. ఆయన ఎందుకని అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఇంట్లో క్షమాపణలు అలా ఉంటాయి.

మూడు వారాలు తిరిగాయి. మిట్టమధ్యాహ్నం కరెంటు లేనప్పుడు నూరీకి ఊపిరి ఆగినంత పనైంది. పెదాలు నల్లబడ్డాయట. ఖాసిమప్ప పిల్లను భుజాన వేసుకొని, చెప్పులు కూడా లేకుండా ఆ ఎండలో సందు చివరి దాకా పరిగెత్తి, వెనకే వచ్చిన మాబున్నితో ఆటో ఎక్కడం నేను చూశాను. ఆయన పరిగెత్తగలడని నాకు తెలియదు. సాయంత్రానికి ముగ్గురూ తిరిగొచ్చారు. పిల్ల కళ్లు తెరిచి, బిస్కెట్టు తింటూ ఉంది. ఆయన కాళ్లు బొబ్బలెక్కాయి.

తెల్లవారి మమ్మల్ని తుడిచాక, ఆయన నేరుగా రంగముని అంగడికి పోయాడు. అక్కడ జరిగింది రంగమునే తర్వాత మా ముందు చెప్పాడు.

"పీకు" అన్నాడట ఖాసిమప్ప.

"సరేప్పా. ఇంకో వారంలో పెద్దమ్మ మీటరు తేదీ ఉండాది గదా, అది కానీ, ఆ తర్వాత చూసుకుందాం" అని రంగముని అన్నాడట. అప్పటికి మాబున్ని అతనికి సంగతి చెప్పేసింది.

"బిడ్డ ఊపిరి తేదీ చూస్తాదా? ఎంత బిరీన అయితే అంత బిరీన పీకు." అదీ ఆయన బదులు. నాకు తెలిసి ఆయన అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని కొత్త కాగితం మీద తన పేరు రాసి వచ్చాడు.

నాలుగో రోజు మమ్మల్ని దించారు. బోల్టులు తుప్పు పట్టి రాలేదు. కోసి తీశారు. పాత మీటరు మూసేముందు ఆఖరి అంకె రాసుకోవాలి కాబట్టి మద్దిలేటి కూడా వచ్చాడు. వీధిలో చాలామంది చూస్తున్నారు. అతను మీటరు ముందు నిలబడి మిషను చూశాడు. మెట్టు మీద కూర్చున్న ఖాసిమప్పను చూశాడు. చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. తర్వాత నేను ఎన్నడూ విననంత గట్టిగా పిలిచాడు.

"డి. హుసేనమ్మా! మీటరు!"

ఖాసిమప్ప లేచి, మద్దిలేటి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, లోపలికి పోయాడు.

తక్కిన తొమ్మిదిమందిని పాత సామాన్లవాడు ఆటోలో వేసుకున్నాడు. నా దగ్గరికి రాగానే ఖాసిమప్ప "ఇది ఉండనీ" అన్నాడు.

"దేనికి అబ్బా? అరకొర పలక, ఏం పనికొస్తాది?" అన్నాడు సామాన్లవాడు.

"ఉండనీ."

నన్ను మెట్ల పక్కన పిట్టగోడకు ఆనించారు. నా చోట కొత్తవాళ్లు ఆరుగురు, నల్లగా, నున్నగా కూర్చున్నారు. కింద గోడకు తెల్ల పెట్టె బిగించారు. చీకటి పడే వేళకు ఊరి కరెంటు పోయింది. వీధి మొత్తం నల్లబడింది. ఆ ఇంట్లో లైటు ఒక్క రెప్పపాటు ఆగి, వెలిగింది. పది నిమిషాల్లో సగం వీధి ఫోన్లు పట్టుకొని గడపలో ఉంది. ఆ పప్పు గిన్నె ఆమె కూడా వచ్చింది, జుట్టు నెరిసింది. "ఈసారి నిజంగానే ఉండాదా, మల్ల ఊరికే పంపిస్తారా?" అంటూనే మిక్సీ వేసుకుంది. నూరీ ముఖానికి తొడుగు పెట్టుకొని, ఆవిరిలోంచి అందరినీ చూసి నవ్వుతోంది. ఆ నవ్వు మెట్ల దాకా వినబడింది. ఆ వెలుతురు నాది కాదు. అయినా మెట్ల మీదుగా కొంత పైకి వచ్చి నా అద్దం మీద పడింది. పదేళ్లు ఆకాశం వైపే ముఖం పెట్టి ఉండి, ఆ ఇంటి దీపం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు తెల్లవారుజామున ఖాసిమప్ప బిందెతో, దూది ఉండతో పైకి వచ్చాడు. కొత్తవాళ్లను పడమటి నుంచి మొదలుపెట్టి తుడిచాడు. ఆరుగురే కాబట్టి పని త్వరగా అయిపోయింది. బిందెలో నీళ్లు మిగిలాయి. అప్పుడు నా దగ్గరికి వచ్చి, గొంతుకూర్చొని, నన్నూ తుడిచాడు. తీగలు తెగిన పలకను తుడిస్తే ఏం లాభం అని మీరు అడుగుతారు. ఆయన అడగలేదు. అరచెయ్యి నా మీద ఆనించాడు. తూర్పున అప్పుడే ఎర్రబడుతోంది. మెట్ల కిందికి చూశాడు, ఎవరూ లేరు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"హుసేనమ్మా" అన్నాడు.

ఆ పేరు ఆ నోట అంతకుముందు నేను వినలేదు. ఆమె కూడా వినలేదు.

"నిన్న కరెంటు యాడికీ పోలే. మనింట్లోనే వెలిగింది."

తర్వాత మిగిలిన నీళ్లు నా మీద మెల్లగా పోసి, ఖాళీ బిందె పట్టుకొని మెట్లు దిగాడు.